ఊరు మళ్లీ కట్టుకున్న పుస్తకాల షాపు: కనేకో మిసుజు ఇంటి కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక ఇంటి గురించి మాట్లాడుకుందాం. ఆ ఇల్లు జపాన్‌లో ఉంది. ప్రధాన ద్వీపం హోన్షూకి పడమటి కొసన యమగుచి అనే ప్రాంతం, అందులో జపాన్ సముద్రం ఒడ్డున సెన్జాకి అనే చిన్న చేపల రేవు. ఇప్పుడది నగాతో నగరంలో కలిసిపోయింది. ఆ ఊళ్లో ఒక వీధిలో చెక్కతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద పుస్తకాల షాపు, వెనక వంటిల్లు, పైన గదులు. చూస్తే వందేళ్ల నాటి ఇల్లే అనిపిస్తుంది. కానీ దాన్ని కట్టి తెరిచింది 2003 ఏప్రిల్ 11న.

అంటే డూప్లికేటా అంటారా? అవును, డూప్లికేటే. వాళ్లు కూడా దాచిపెట్టరు. అసలు షాపు ఉన్న స్థలంలోనే మళ్లీ కట్టాం అని చెప్పే చూపిస్తారు. ఆ షాపు పేరు కనేకో బునేయ్‌దో. ఆ ఇంట్లో పెరిగిన అమ్మాయి పేరు కనేకో తెరు. జపాన్ మొత్తానికీ ఆమె కనేకో మిసుజు అనే కలం పేరుతోనే తెలుసు. పుట్టింది 1903 ఏప్రిల్ 11. మ్యూజియం తెరిచిన తేదీ మళ్లీ చూడండి. సరిగ్గా నూరో పుట్టినరోజు.

మిసుజు పిల్లల కోసం కవితలు రాసింది. మొత్తం 512. బతికి ఉండగా పత్రికల్లో వచ్చినవి సుమారు 90. ఒక్క పుస్తకం కూడా రాలేదు. 26 ఏళ్లకే చనిపోయింది. తర్వాత యాభై ఏళ్లపాటు దాదాపు ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడేమో జపాన్‌లో స్కూలు పిల్లలకి కూడా ఆమె కవితలు తెలుసు. ఈ మధ్యలో ఏం జరిగింది, ఆ ఇంట్లో ఏముంది, ఏం లేదు... ఈ రోజు మన టాపిక్ ఇదే.

ఒక మాట ముందే చెప్తున్నా. ఈ కథలో ఆత్మహత్య ఉంది. వివరాల్లోకి వెళ్లను. కానీ మీ మనసు ఇప్పుడు బాలేకపోతే ఈ ఎపిసోడ్ తర్వాత చూడండి, ఏం ఫర్వాలేదు.

ఊళ్లో ఒకే ఒక్క పుస్తకాల షాపు

మిసుజు తండ్రి చైనాకి వెళ్లాడు. వాళ్ల బంధువు ఉఎయామా అనే ఆయనకి షిమోనోసెకి నగరంలో పెద్ద పుస్తకాల షాపు ఉండేది, ఉఎయామా బునేయ్‌దో. దానికి చైనాలో కూడా బ్రాంచ్ ఉండేది. ఆ బ్రాంచ్ చూసుకోవడానికి వెళ్లిన తండ్రి 1906లో అక్కడే చనిపోయాడు. మిసుజుకి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఇంట్లో మిగిలింది బామ్మ, అమ్మ, అన్న కెన్‌సుకే, మిసుజు, ఒక పసివాడు.

ఆ పసివాడి పేరు మసాసుకే. మిసుజుకి తమ్ముడు. ఉఎయామా భార్య మిసుజు వాళ్ల పిన్ని. వాళ్లకి పిల్లల్లేరు. అందుకని మసాసుకేని వాళ్లకి దత్తత ఇచ్చేశారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఈ కథ మొత్తం చివరికి ఇతని మీదే ఆధారపడుతుంది.

ఉఎయామా సాయంతో ఈ కుటుంబం సెన్జాకిలో పుస్తకాల షాపు పెట్టింది. ఊళ్లో పుస్తకాలు అమ్మే షాపు అదొక్కటే. అలా మిసుజు చుట్టూ చిన్నప్పటి నుంచీ పుస్తకాలూ పత్రికలే. ఊళ్లో మిగతా పిల్లలకి ఎప్పుడో ఒకసారి చేతికొచ్చే పత్రిక ఈ అమ్మాయి ఇంటికి బండిల్‌గా వచ్చేది. మనలో చాలామందికి చిన్నప్పుడు ఇంట్లో కంప్యూటర్ ఉందా లేదా అన్నదే తర్వాత లైఫ్‌ని మార్చేసింది కదా. ఇది కూడా అలాంటిదే.

ఇంకోవైపు సముద్రం. సెన్జాకి ఎదురుగానే ఓమిజిమా అనే ద్వీపం ఉంది. దాని తూర్పు కొసన కయోయి అనే ఊరు. ఎడో కాలం నుంచి అక్కడివాళ్లు తిమింగలాల వేట మీద బతికారు. వేట అంటే సరే, ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ విశేషం ఏంటంటే, 1692లో అక్కడ తిమింగలాలకి సమాధి కట్టారు. చంపిన తిమింగలం కడుపులో పిల్ల ఉంటే, ఆ పిండాన్ని తినకుండా, అమ్మకుండా, సముద్రం కనిపించే చోట పాతిపెట్టేవాళ్లు. డెబ్బైకి పైగా పిండాలు ఆ నేలలో ఉన్నాయి. కయోయిలోనే కోగన్‌జి అనే బౌద్ధాలయం ఉంది. మనుషులు చనిపోతే ఆలయం రిజిస్టర్‌లో వాళ్లకి కొత్త పేరు పెట్టి రాసుకున్నట్టే, ఇక్కడ తిమింగలాలకి కూడా పేర్లు పెట్టి రాసుకున్నారు. ఏటా వాటి కోసం ప్రార్థనలు చేసే ఆచారం ఇప్పటికీ ఉంది.

మిసుజు చిన్నతనానికి అక్కడ తిమింగలాల వేట దాదాపు ముగింపుకొచ్చింది. ప్రార్థనలు మాత్రం ఆగలేదు. ఆ ప్రార్థనల మీదే ఆమె ఒక కవిత రాసింది. ఆమెకి బాగా పేరు తెచ్చిన 'తైర్యో' అనే కవిత కూడా ఇదే చూపుతో ఉంటుంది. తైర్యో అంటే వలలు నిండా చేపలు పడిన రోజు. రేవంతా సంబరం. ఆ రోజు చేపల వైపు నుంచి ఎలా ఉంటుందో ఆ కవిత చూపిస్తుంది. ఇంతకంటే చెప్పను, చదువుకోండి, చాలా చిన్నది.

చాలామంది దీన్ని "ఆహా, ఎంత అమాయకమైన ఊహ" అంటారు. నాకు మాత్రం అది ఊహలా అనిపించదు. తాము చంపినవాటికి సమాధి కట్టిన మనుషుల మధ్య ఆమె పెరిగింది. చేప మనకి అన్నం పెడుతుంది, అదే చేపకి అది చావు. ఈ రెండూ ఒకేసారి నిజమని ఆ ఊరికి మిసుజు పుట్టడానికి రెండొందల ఏళ్ల ముందే తెలుసు. ఆమె ఆ సంగతిని పిల్లలకి అర్థమయ్యే మాటల్లో పెట్టింది.

పత్రికల కాలం

ఇప్పుడు కాస్త బ్యాక్‌గ్రౌండ్. 1912 నుంచి 1926 వరకు జపాన్‌లో తైషో యుగం. 1918లో సుజుకి మియెకిచి అనే రచయిత 'అకాయ్ తోరి' అనే పిల్లల పత్రిక మొదలుపెట్టాడు. అర్థం ఎర్రపిట్ట. అప్పటిదాకా స్కూళ్లలో పాడించే పాటలు ఎక్కువగా దేశభక్తి, నీతి, క్రమశిక్షణ. పిల్లలకి కూడా నిజమైన సాహిత్యం కావాలని ఈయన వాదన. పెద్ద పెద్ద కవులు వచ్చి పిల్లల కోసం రాశారు. కితహరా హకుషూ, సైజో యసో, నొగుచి ఉజో... ఈ ముగ్గురినీ ఆ ఉద్యమానికి మూడు స్తంభాలంటారు. ఈ కవితల్ని 'దోయో' అంటారు. అకాయ్ తోరి చూసి ఇంకా బోలెడు పత్రికలు పుట్టాయి. అవి పాఠకుల దగ్గర నుంచి కూడా రచనలు తీసుకునేవి. పెద్ద కవి ఒకాయన వాటిలోంచి ఎంచి, రెండు మాటల అభిప్రాయం రాసేవాడు. అంటే ఎక్కడో మారుమూల ఊళ్లో ఉన్న కుర్రాడు కూడా రాసి పంపొచ్చు. ఇప్పటి మాటల్లో, ఎవరైనా అప్‌లోడ్ చెయ్యగలిగే ప్లాట్‌ఫామ్ అన్నమాట.

మిసుజు 1920లో అమ్మాయిల హైస్కూలు చదువు పూర్తి చేసి షాపులో పని చూసుకుంటోంది. ఈలోగా ఇంట్లో మార్పులు. షిమోనోసెకిలో పిన్ని 1918లో చనిపోయింది. మరుసటి ఏడాది మిసుజు అమ్మ ఆ ఉఎయామాని పెళ్లి చేసుకుని అక్కడికి వెళ్లిపోయింది. 1923లో మిసుజు కూడా సెన్జాకి వదిలి షిమోనోసెకి చేరింది. అక్కడ చాలా షాపులు ఒకే చోట ఉండే ఒక భవనంలో ఉఎయామా వాళ్ల చిన్న పుస్తకాల కౌంటర్ ఉండేది. దాన్ని ఆమె ఒక్కతే చూసుకునేది. ఇరవై ఏళ్లు. చుట్టూ పత్రికలు. కొనేవాళ్లు లేనప్పుడు చదువుకోవచ్చు, రాసుకోవచ్చు.

ఆ ఏడాదే 'మిసుజు' అనే కలం పేరు పెట్టుకుని పత్రికలకి పంపడం మొదలుపెట్టింది. ఆ పేరు పాత కవిత్వంలోది. షినానో అనే ప్రాంతం పేరుకి ముందు వాడే సంప్రదాయ విశేషణంలో ఆ మాట వస్తుంది. రిజల్ట్ ఏంటో తెలుసా? 1923 సెప్టెంబర్ సంచికల్లో 'దోవా', 'ఫుజిన్ కురాబు', 'ఫుజిన్ గహో', 'కిన్ నో హోషి' అనే నాలుగు పత్రికలూ ఆమె కవితలు వేసుకున్నాయి. మొదటి ప్రయత్నం, నాలుగుకి నాలుగు! అదే సెప్టెంబర్ 1న కాంతో భూకంపం వచ్చి టోక్యో తగలబడింది.

'దోవా' పత్రికలో ఎంపిక చేసేది సైజో యసో. ఆయన ఈ అమ్మాయిని బాగా మెచ్చుకున్నాడు. ఆమెకి కూడా ఆయనంటే గురుభావం. రాసే కుర్రాళ్ల మధ్య మిసుజు పేరు స్టార్ అయిపోయింది. 1926లో 'దోవా' పత్రిక ఆగిపోయింది. తైషో యుగం కూడా ఆ ఏడాదితోనే అయిపోయింది. మిసుజు స్వేచ్ఛ కూడా అప్పుడే తగ్గడం మొదలైంది.

మూడు నోట్‌బుక్స్

1926 ఫిబ్రవరిలో ఉఎయామా షాపులో పనిచేసే ఒక గుమస్తాతో పెళ్లి చేశారు. ఈ సంబంధం వెనక ఇంటి రాజకీయం కూడా ఉంది. దత్తత వెళ్లిన మసాసుకేకి మిసుజు తన సొంత అక్క అని చాలాకాలం తెలియదు. చుట్టాలమ్మాయి అనుకున్నాడు. సాహిత్యం, సంగీతం, సినిమా... ఇద్దరికీ మాటలు బాగా కలిశాయి. అతను ఇష్టం పెంచుకుంటున్నాడని పెద్దవాళ్లకి భయం. ఆమెకి పెళ్లి చేసేస్తే ఆ సమస్య తీరిపోతుంది. నిజం చెప్పడం కంటే పెళ్లి చెయ్యడమే వాళ్లకి సులువైంది.

ఆ నవంబర్‌లో కూతురు పుట్టింది. భర్త బయట సంబంధాలు మానలేదు. అక్కడి నుంచి అంటించుకున్న రోగం ఆమెకి కూడా అంటించాడు. ఆమె ఆరోగ్యం పాడైంది. తర్వాత, కవితలు రాయొద్దు, తోటి కవులకి ఉత్తరాలు కూడా రాయొద్దు అన్నాడు.

1927లో సైజో యసో రైల్లో వెళ్తూ షిమోనోసెకి స్టేషన్‌లో ఆగాడు. ఆమె వెళ్లి కలిసింది. కలిసింది కొన్ని నిమిషాలే. వీపున పాపని కట్టుకుని వచ్చిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. గురువుని చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

రాయొద్దు అన్నాక ఆమె ఏం చేసిందో వినండి. అప్పటిదాకా రాసినవన్నీ, 512 కవితలూ, మూడు చిన్న నోట్‌బుక్స్‌లో శుభ్రంగా మళ్లీ రాసింది. ఒక్కో నోట్‌బుక్‌కీ ఒక పేరు పెట్టింది. ఇలా రెండు సెట్లు తయారుచేసింది. ఒకటి సైజో యసోకి, ఇంకోటి తమ్ముడు మసాసుకేకి. నేను ఇంజనీర్‌గా పనిచేసిన రోజుల్లో మాకు మొదట నేర్పింది ఇదే. ముఖ్యమైన డేటా ఒకే చోట ఉంచకు, రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలి. మాకు ఆ పని మెషీన్ చేసిపెట్టేది. ఆమె ఒంట్లో బాగాలేక, ఒక పక్క చంటిపిల్ల, ఇంకో పక్క రాయొద్దనే మనిషి... ఇన్నిటి మధ్య చేత్తో రాసింది.

అక్కడితో రాయడం ఆగిందా అంటే, ఒక రకంగా లేదు. 1929 చివర్లో ఇంకో నోట్‌బుక్ మొదలుపెట్టింది. పేరు 'నాంకిన్ దమా'. చిన్న రంగురంగుల గాజుపూసలని అర్థం. అందులో కవితలు లేవు. మూడేళ్ల కూతురు మాట్లాడిన మాటల్ని, తేదీలవారీగా, ఉన్నదున్నట్టు రాసుకుంది. 1930 ఫిబ్రవరిదాకా రాసింది. నన్ను అడిగితే ఆమె రాసినవాటిలో నాకు బాగా దగ్గరైంది ఈ నోట్‌బుక్కే. సొంత మాట రాయడానికి వీల్లేనప్పుడు, వినడం మాత్రం ఎవరూ ఆపలేరు కదా.

చట్టం ఎవరి పక్షం

1930 ఫిబ్రవరిలో ఇద్దరూ విడిపోయారు. పాపని తను పెంచుకుంటానంది. అతను మొదట సరే అన్నాడు. తర్వాత మాట మార్చాడు, పాపని తీసుకెళ్తానని ఉత్తరాలు రాశాడు.

ఇక్కడ కాస్త ఆగి చట్టం చూద్దాం. అప్పుడు అమల్లో ఉన్నది మెయ్‌జీ సివిల్ కోడ్, 1898 నాటిది. దాని ప్రకారం ఇంటికి యజమాని ఉంటాడు, దాదాపు ఎప్పుడూ మగవాడే. పిల్లల మీద అధికారం తండ్రిది. విడిపోయేటప్పుడు వేరే ఏర్పాటు ఏదీ ఒప్పుకోకపోతే పిల్లల్ని ఉంచుకునే హక్కు కూడా తండ్రిదే. తండ్రి ఎలాంటివాడు, తల్లికి ఏం చేశాడు అన్నది లెక్కలోకి రాలేదు. అతను మాట మార్చగానే మిసుజు దగ్గర మిగిలిన కాగితం ఏదీ లేదు.

మార్చి 9న ఆమె స్టూడియోకి వెళ్లి ఫోటో తీయించుకుంది. ఆ రాత్రి ఉత్తరాలు రాసింది. పాపని మా అమ్మ దగ్గరే పెరగనివ్వమని భర్తని కోరింది. మార్చి 10న ఆమె ప్రాణం పోయింది. 26 ఏళ్లు. పాప నిజంగానే అమ్మమ్మ దగ్గర పెరిగింది.

ఈ కథని చాలామంది "కూతురి కోసం ప్రాణమిచ్చిన తల్లి" అని చెప్తారు. వినడానికి గొప్పగా ఉంటుంది. నాకది నచ్చదు, ఎందుకో చెప్తా. అలా చెప్పగానే చావు ఒక పరిష్కారంలా కనిపిస్తుంది. ఆ పాప నాలుగో ఏడు నిండకుండానే తల్లిని పోగొట్టుకుంది, అది కనిపించదు. ఆ చట్టమూ కనిపించదు. పాప తల్లి దగ్గరే ఉండటానికి ఒక స్త్రీ చనిపోవాల్సిన అవసరం లేదు. రెండు వాక్యాల చట్టం చాలు. యుద్ధం తర్వాత 1947లో ఆ సివిల్ కోడ్‌ని తిరగరాశారు, ఇంటి యజమాని వ్యవస్థ పోయింది, తల్లిదండ్రులు ఇద్దరూ సమానమన్నారు. విడాకుల తర్వాత పిల్లలు ఎవరి దగ్గర అనే గొడవ మాత్రం అప్పటితో తీరలేదు. ఇద్దరికీ ఉమ్మడిగా హక్కు ఉండొచ్చనే సవరణ 2024లో గానీ పార్లమెంటు దాటలేదు. దాని మీద కూడా పెద్ద చర్చే నడిచింది. ఇంట్లో హింస తట్టుకోలేక బయటపడిన తల్లులు మళ్లీ అదే మనిషితో ముడిపడిపోతారేమో అని. 1930 నాటి ప్రశ్న ఇంకా పాతబడలేదు.

మీకు ఎప్పుడైనా బతకాలని లేదు అనిపిస్తే, ఒక్క మనిషికైనా చెప్పండి. మన దేశంలో టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416. తెలుగులో మాట్లాడొచ్చు, ఫ్రీ.

పదహారేళ్ల వెతుకులాట

మిసుజు పోయాక జపాన్ యుద్ధాల్లోకి వెళ్లింది. దోయో పత్రికలు మూతపడ్డాయి. సెన్జాకి రేవు కూడా మారిపోయింది. 1945లో ఓడిపోయాక పరాయి దేశాల నుంచి ఇంటికొచ్చే జపనీయులు లక్షల్లో ఆ రేవులో దిగారు, సొంత దేశానికి వెళ్లే కొరియన్లు అక్కడే ఓడలెక్కారు. ఇంత గందరగోళంలో పాత పత్రికల్లో కవితలు రాసిన అమ్మాయి ఎవరికి గుర్తుంటుంది?

1966లో యజాకి సెత్సువో అనే కాలేజీ కుర్రాడు పిల్లల కవితల సంకలనం ఒకటి చదువుతున్నాడు. అందులో వందల కవితలు. ఒకటి దగ్గర ఆగిపోయాడు. అది 'తైర్యో'. రాసింది కనేకో మిసుజు. ఈమె రాసినవి ఇంకా కావాలి అనుకున్నాడు. పుస్తకాల షాపుల్లో లేవు. తెలిసినవాళ్లు లేరు. ఇంటర్నెట్ లేని రోజులు. పాత పత్రికలు తిరగేయాలి, ఉత్తరాలు రాయాలి, ఊళ్లు తిరగాలి. అలా పదహారేళ్లు.

1982లో దొరికింది. ఎక్కడ? టోక్యోలోనే. మసాసుకే అప్పటికి పెద్దాయన. పిల్లలతో నాటకాలు వేయించే వకాకుసా అనే నాటక బృందం స్థాపకుల్లో ఒకడు. అక్క ఇచ్చిన మూడు నోట్‌బుక్స్ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. అర్ధశతాబ్దం, మధ్యలో ప్రపంచయుద్ధం, టోక్యో మీద బాంబులు... అయినా ఉన్నాయి. 1984లో మొత్తం కవితలు పుస్తకాలుగా వచ్చాయి. 1996 నుంచి స్కూలు పాఠాల్లోకి వెళ్లాయి. అప్పటి ఆ కాలేజీ కుర్రాడు యజాకియే తర్వాత సెన్జాకి మ్యూజియానికి డైరెక్టర్ అయ్యాడు.

ఇంట్లో ఉన్నది, లేనిది

ఇప్పుడు ఇంటికి వద్దాం. సెన్జాకికి చిన్న బ్రాంచ్ లైన్ ఉంది, నగాతో-షి స్టేషన్ నుంచి ఒకే ఒక్క స్టాప్, 2.2 కిలోమీటర్లు. స్టేషన్ నుంచి నేరుగా వెళ్లే వీధి పేరే మిసుజు వీధి. చాలా ఇళ్ల ముందు చిన్న చెక్కపలకల మీద ఆమె కవితలు రాసిపెట్టారు. సెన్జాకి కమబోకోకి ఫేమస్. కమబోకో అంటే చేపని మెత్తగా రుబ్బి, చిన్న చెక్క మీద పెట్టి వండేది. తిన్నాక మిగిలే ఆ చెక్కల్నే వేలల్లో కలిపి ఊళ్లో ఆమె బొమ్మ కూర్చారు.

నేను వెళ్లింది ఒక మామూలు పనిరోజు పొద్దున. జనం లేరు. షాపు ముందు భాగంలో ఆ కాలం నాటి పత్రికల అట్టలు పేర్చి ఉన్నాయి. లోపల కూర్చుని లెక్కలు చూసుకునే చోటు. వెనక్కి వెళ్తే పొయ్యి, బావి. చెక్కమెట్లెక్కితే పైన ఆమె గది, కిటికీ వీధి వైపు. వెనక కొత్త బిల్డింగ్‌లో అసలైన మ్యూజియం, ఆమె నోట్‌బుక్స్ కథ అక్కడ ఉంది. చిన్న చిన్న అక్షరాలు, కొట్టివేతల్లేవు.

మళ్లీ కట్టిన ఇంటి మీద నాకు మొదట్లో ఉన్న అనుమానం మీ అందరికీ వచ్చేదే. ఇది నిజమైన ఇల్లు కాదు కదా, సినిమా సెట్‌కీ దీనికీ తేడా ఏంటి? జపాన్‌లో దీనికి వేరే జవాబు ఉంది. ఇసే మహామందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి పూర్తిగా కొత్త కలపతో పక్క స్థలంలో మళ్లీ కడతారు. 2013లో అలా 62వ సారి కట్టారు. అక్కడ పాతదనం అంటే పాత దూలం కాదు, కట్టే పద్ధతి చెయ్యి మారకుండా రావడం. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఈ రోజు మనం చదివే మిసుజు కవితల్లో ఎక్కువ భాగం ఏంటి? ఆమె చేత్తో రాసిన సాఫు కాపీ. ఎవరో ఒకరు ఓపిగ్గా మళ్లీ రాసుకోవడం వల్లే అవి మిగిలాయి. అలాంటి మనిషికి ఊరు ఓపిగ్గా మళ్లీ కట్టిన ఇల్లు సరిపోతుంది.

నా కంప్లైంట్ వేరే. ఆ ఇల్లు ఇరవై ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. అది సహజమే, ఆమె అక్కడ ఉన్నది అంతవరకే. పొయ్యి ఉంది, బావి ఉంది, చదువుకునే గది ఉంది. షిమోనోసెకి లేదు. పాపని పక్కన పడుకోబెట్టుకుని 512 కవితలు మళ్లీ రాసిన గది లేదు. చూసి బయటికొచ్చిన మనిషికి ముద్దుగా పెరిగిన ఒక పుస్తకాల షాపు అమ్మాయి మాత్రమే గుర్తుండిపోయే ప్రమాదం ఉంది.

స్కూలు పుస్తకాల్లో కూడా ఇదే జరిగింది. పిట్ట, గంట, నేను అంటూ ఎవరి గొప్ప వాళ్లదే అని చెప్పే కవిత ఒకటుంది, దేశమంతా కంఠతా వచ్చు. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత కంపెనీలు టీవీ యాడ్స్ ఆపేసుకున్నాయి. ఆ ఖాళీ టైమ్‌లో ఒక ప్రజాసేవా ప్రకటన పదే పదే వేశారు. అందులో ఉన్నది మిసుజు కవితే, మనం అన్న మాట ఎదుటివాళ్ల నోట తిరిగి రావడం గురించి. ఏడుస్తున్న దేశానికి అది ఓదార్పు అయింది, కాదనను. కానీ ఆమె అంటే మంచి మాటల పోస్టర్ అనే ముద్ర ఇంకా గట్టిపడింది. ఆమె కవితల్లో ఒంటరితనం ఉంది, చావు ఉంది, ఎవరూ చూడనివాటి పక్కన నిలబడటం ఉంది. మూడో నోట్‌బుక్‌కి ఆమె పెట్టుకున్న పేరే 'ఒంటరి రాకుమారి' అని అర్థం వచ్చేది.

కాబట్టి మీరెప్పుడైనా జపాన్ వెళ్లి, అటువైపు దారి తగిలితే, ఆ ఇంటికి తప్పకుండా వెళ్లండి. తర్వాత రెండు చోట్లకి కూడా వెళ్లండి. ఒకటి సెన్జాకిలోనే హెన్‌షోజి ఆలయం, ఆమె సమాధి అక్కడ ఉంది. రెండోది కయోయిలో తిమింగలాల సమాధి. పుట్టకుండానే పోయిన పిల్లల కోసం ఊరు కట్టిన రాయి అది. దాని ముందు కాసేపు నిలబడితే ఆమె కవితలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

వెళ్లలేనివాళ్లకి ఒక చిన్న పని. మీ ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా రాసుకున్నారా అని అడగండి. పాటల నోట్‌బుక్ కావచ్చు, ఉత్తరాలు కావచ్చు, లెక్కల పుస్తకం వెనక పేజీలో నాలుగు లైన్లు కావచ్చు. దొరికితే ఫోటో తీసి, రెండు చోట్ల దాచండి. మసాసుకే చేసింది అంతే. పారేయకుండా ఉంచాడు.

ఏం దొరికిందో కామెంట్స్‌లో చెప్పండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.